ఏడిస్తే నవ్వే పిల్ల

“గువ్వ సారీ చెప్పింది కదక్కా!”

“చెప్పింది. మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నవ్వుకుంటూనే చెప్పింది. అలాంటి సారీ నాకెందుకు? నువ్వే దాచుకో.”

పెద్దకోడలు ఆ మాట అని పెట్టె జిప్పు లాగింది. జిప్పు సగంలో ఇరుక్కుంది. ఆ కోపం కూడా చిన్నకోడలి మీదికే వచ్చింది.

“గుడ్లప్పగించి చూస్తావేం? కింద నీ షాపు తెరిచి ఉంది. వెళ్ళి చూసుకో.”

మేడ మీద హాలు నిండా సామానే. పరుపులు చుట్టేశారు. గిన్నెలు అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. సాయంత్రానికి బండి వస్తుంది, పెద్దకోడలు తన కూతుర్ని తీసుకుని వేరింటికి వెళ్ళిపోతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకే పొయ్యి మీద వండుకున్న తోడికోడళ్ళు. ఊరంతా వీళ్ళని చూసి ముక్కున వేలేసుకునేది, ఇద్దరాడవాళ్ళకి ఇంత పొత్తా అని. ఆ పొత్తు ఒక్క కత్తెర దెబ్బకి తెగింది.

తెగినది కిటికీ గట్టు మీద ఉంది. మూరెడు జడ. కింద రబ్బరు బ్యాండు కూడా ఊడలేదు. పెద్దకోడలు దాన్ని అక్కడి నుంచి తియ్యనివ్వడం లేదు, వచ్చేపోయే ప్రతివాళ్ళూ చూడాలని.

జడ గలది లోపలి గదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ళ అమ్ములు. నిన్న మధ్యాహ్నం తలకి తువ్వాలు చుట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. రాత్రి తల్లిని పక్కన పడుకోనిచ్చింది కానీ తువ్వాలు మాత్రం విప్పలేదు. తెల్లారాక మళ్ళీ గడియ. పాలు ఇస్తే తలుపు సందులోంచి చెయ్యి వచ్చింది, గ్లాసు లోపలికి వెళ్ళింది, అంతే.

“జుట్టే కదే తల్లీ, పెరుగుతుంది!” అని అత్తగారు పొద్దుటి నుంచి ఆ తలుపుకి చెప్పీ చెప్పీ అలసిపోయింది. “పొట్టి జుట్టు నీకు భలే ఉందే!” అని కూడా అంది. తలుపు పలకలేదు.

నిజానికి జడ పోవడం కాదు పెద్దకోడలి కడుపు రగిలించింది. నిన్న చిన్నకోడలు జుట్టుకేసే రంగు కలుపుకోవడానికి పెరట్లోకి వెళ్ళిన కాసేపట్లోనే, షాపు సొరుగులోని కత్తెరతో ఆమె కూతురు గువ్వ తన అక్క జడని మెడ దగ్గర కత్తిరించేసింది. సరే, ఐదేళ్ళ పిల్ల, తెలియదు అనుకోవచ్చు. కానీ అమ్ములు చేత్తో వెనక తడుముకుని ఒక్క కేక పెట్టి ఏడుస్తుంటే గువ్వ ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టి నవ్వింది. మెట్లు దిగుతూ పెద్దకోడలు ఆ నవ్వు కళ్ళారా చూసింది, ఏడుపు హోరులో ఇంకేమీ వినపడలేదు.

“పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం! ఏడుస్తున్న పిల్లని చూసి నవ్వే పిల్ల! నా కూతుర్ని దానితో ఒకే కప్పు కింద ఉంచను,” అంది ఇప్పుడు మళ్ళీ.

అత్తగారు మధ్యలో నిలబడి ఇద్దరికీ సరిపడేట్టు ఒకే మందు చెప్పింది. “మొక్కై వంగనిది మానై వంగునా? వీపు మీద రెండు తగిలించవే చిన్నదానా. పెద్దదాని కోపం తీరుతుంది, పిల్లకి బుద్ధీ వస్తుంది.”

“కొట్టను అత్తయ్యా.”

“నువ్వు కొట్టకపోతే నేను కొడతాను.”

“మీరూ కొట్టకూడదు. అది ఇంకోరి ఏడుపు చూసి నవ్వింది. ఇప్పుడు దాన్ని ఏడిపించి మనం చూద్దామా?”

“మాటలకేం తక్కువ లేదు,” అంది అత్తగారు. “అదెక్కడి రాతి గుండె! మా వంశంలో లేదమ్మా.”

చిన్నకోడలు జవాబు చెప్పకుండా మెట్లు దిగింది. జవాబు లేక కాదు, భయమేసి. అత్తగారితో ఎంత గట్టిగా వాదించినా లోపల్లోపల ఆమెకీ అదే దిగులు. ఆ నవ్వు ఆమె కూడా చూసింది. నిన్నటి నుంచి కూతురి మొహం వంక సరిగ్గా చూడలేకపోతోంది. నిజంగానే ఈ పిల్లకి జాలి లేదేమో. ఎవరికి చెప్పుకుంటుంది ఆ మాట? మొగుడితో అంటే, “చిన్నపిల్ల, వదిలెయ్,” అని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

కింద వీధి గదిలోనే ఆమె బ్యూటీ పార్లర్. రెండు కుర్చీలు, గోడంతా అద్దం. సగం జుట్టు కత్తిరించిన టీచరమ్మ ఒకావిడ తెల్లగుడ్డ కప్పుకుని ఓపిగ్గా కూర్చుని ఉంది. మూల స్టూలు మీద గువ్వ కాళ్ళూపుకుంటూ క్లిప్పులకి రంగుల వారీగా వరసలు కడుతోంది. ఆ ఇంట్లో ప్రళయానికి కారణం తనేనని దానికి తెలుసో తెలియదో!

“సారీ మేడమ్, పైన చిన్న పని,” అంటూ చిన్నకోడలు కత్తెర అందుకుంది. చేతులు పని చేస్తున్నాయి, మనసు పైన పెట్టెల దగ్గరుంది. దాంతో ఎడమ పక్క అనుకున్న దానికన్నా రెండు వేళ్ళు పొట్టిగా తెగింది. కుడి పక్క కూడా దానికి సరిపడా తగ్గించాల్సి వచ్చింది.

టీచరమ్మ అద్దంలో చూసుకుంది. పెదవి కొద్దిగా వణికింది. కళ్ళ అంచుల్లో తడి.

ఈ పనిలో చేరిన కొత్తలో చిన్నకోడలికి నేర్పిన మొదటి పాఠం కత్తెర పట్టడం కాదు. కస్టమర్ కన్ను తడిస్తే, నోరు తెరవకముందే మన మాట పడాలి. నవ్వు మొహంతో, గట్టిగా, వీలైతే చప్పట్లతో. పదేళ్ళుగా అలవాటైపోయిన మాట, ఆలోచించకుండానే వచ్చేస్తుంది.

“చాలా బాగుంది మేడమ్! మొహం ఎలా వెలిగిపోతోందో చూడండి!” అని చేతులు రెండూ చరిచింది.

వెంటనే మూల నుంచి ఇంకో జత చప్పట్లు వినిపించాయి.

“చాలా బాగుంది!” అంది గువ్వ. అదే రాగం. అదే నవ్వు. తల కూడా తల్లిలాగే ఒక పక్కకి వాల్చింది.

చిన్నకోడలి చేతిలో దువ్వెన కింద పడింది.

నిన్న చూసిన నవ్వు అదే. అచ్చంగా అదే. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మూల స్టూలు మీద కూర్చుని గువ్వ ఏం చూసింది? జుట్టు తెగి కళ్ళు తడిసిన మనిషి ముందు అమ్మ నవ్వుతూ చప్పట్లు కొట్టడం చూసింది. ఏడ్చేవాళ్ళకి అదే మందనుకుంది. అక్క ఏడిస్తే తనకి తెలిసిన మందు తను వేసింది.

చిన్నకోడలికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. మేడ మీదికి పరుగెత్తి అందరికీ చెప్పేయాలనిపించింది, నా పిల్లది రాతి గుండె కాదని. కానీ చెప్తే ఎవరు నమ్ముతారు? నమ్మినా అమ్ములు ఏడుపు అలాగే ఉంటుంది కదా.

వెళ్ళి టీచరమ్మకి ఎదురుగా కూర్చుంది. “మేడమ్, పొట్టిగా తెగింది. పొరపాటు నాదే,” అంది.

టీచరమ్మ ఆశ్చర్యంగా చూసింది. ఈ షాపులో ఆ మాట ఆవిడ ఇంతవరకు వినలేదు. “నాకూ అలాగే అనిపించిందమ్మా,” అని, ఎందుకో కొంచెం తేలికపడి, కళ్ళు తుడుచుకుని, వచ్చే నెల వస్తానని చెప్పి వెళ్ళింది.

చిన్నకోడలు పట్టపగలు షట్టర్ సగం దించేసింది. గువ్వని ఎత్తి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని అద్దం వైపు నుంచి తిప్పేసి, తనకు ఎదురుగా పెట్టుకుంది. ఆ షాపులో ఎవరు ఎవరితో మాట్లాడినా అద్దంలో చూసుకునే మాట్లాడతారు. గువ్వకి ఇది కొత్త. కాళ్ళూపడం మానేసింది.

“నిన్న అక్క ఏడ్చినప్పుడు నువ్వేం చేశావు?”

“చాలా బాగుంది అన్నాను.”

“అప్పుడు?”

“ఇంకా ఏడ్చింది. నేను ఇంకా గట్టిగా అన్నాను. పెద్దమ్మ వచ్చి అరిచింది.” గువ్వ తల వంచుకుంది. “నాకు నీ అంత బాగా రాదమ్మా.”

చిన్నకోడలు కూతురి చెయ్యి పట్టుకుంది. “జడ ఎందుకు కత్తిరించావు?”

గువ్వ రెండు చేతులతోనూ నోరు మూసుకుని, చెప్పనన్నట్టు తలూపింది. ఎంత అడిగినా అంతే. పెంకిది, పట్టుకుంటే వదలదు. ఆ సంగతి అక్కడితో వదిలేసి తల్లి ఇంకో దారిన వెళ్ళింది.

“పోనీలే. నీ ఉన్ని ఏనుగు ఏదీ? కనిపించడం లేదు.”

“మంచం కింద పెట్టేశాను.”

“అయ్యో, ఎందుకు?”

“వాషింగ్ మెషిన్‌లో తొండం ఊడిపోయింది కదా. నువ్వేమో తొండం లేకపోతేనే ముద్దుగా ఉంది అన్నావు.” గువ్వ కనుబొమలు ముడిపడ్డాయి. “లేదు. ముద్దుగా లేదు. నువ్వు అబద్ధం చెప్పావు.”

“నీకు కోపం వచ్చిందా?”

“కోపం కాదు. ఇక్కడ బరువుగా అయింది.” గొంతు కింద వేలు పెట్టి చూపించింది. “అందుకే నీకు చెప్పలేదు.”

ఈ మాట తల్లికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కానీ నోరు మెదపలేదు. ఇప్పుడు తనేం మాట్లాడినా పిల్ల ఆలోచన తెగిపోతుంది. షట్టర్ కింద నుంచి వీధిలో నడిచే కాళ్ళు కనిపిస్తున్నాయి. గువ్వ వాటినే చూస్తూ చాలాసేపు ఉంది.

“అక్కకీ ఇక్కడ బరువుగా ఉందా?” అంది చివరికి.

“నువ్వేమనుకుంటున్నావు?”

“ఉంది.” గువ్వ కింద పెదవి బయటికి వచ్చింది. “జడ మళ్ళీ అతికించెయ్యమ్మా. నీకొచ్చు కదా.”

“రాదు నాన్నా. ఎవరికీ రాదు.”

“అయితే నాది కూడా కత్తిరించెయ్.”

“నీది పోతే అక్కది తిరిగి వస్తుందా?”

గువ్వ ఆలోచించింది. రాదని తెలిసింది. ఆ తెలియడం దాని మొహం మీద మెల్లగా పాకడం తల్లి చూసింది. కళ్ళు నిండాయి, ముక్కు ఎర్రబడింది, ఆ తర్వాత వచ్చిన ఏడుపు మామూలు ఏడుపు కాదు. బొమ్మ కోసం, మిఠాయి కోసం ఏడ్చే ఏడుపు ఆ తల్లికి బాగా తెలుసు. ఇది అక్క కోసం. జన్మలో మొదటిసారి ఇంకొకరి కోసం ఏడుస్తోంది పిల్ల. చిన్నకోడలికి తన కూతురి ఏడుపు చూసి ఇంత సంతోషం కలగడం అదే మొదలు. కళ్ళు తుడవలేదు. ఊరుకోమనలేదు. దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఏడుపయ్యాక గువ్వ కుర్చీలోంచి తనంతట తానే జారి దిగింది. “పైకి వెళ్తాను,” అంది.

“పెద్దమ్మ కేకలేస్తుందేమో.”

“వెయ్యనీ.”

పైన గుమ్మంలోనే పెద్దకోడలు అడ్డంగా నిలబడింది. చేతిలో దారపుండ, మొహంలో మబ్బు.

“మళ్ళీ ఏమిటి? నాలుగో సారీనా?”

“సారీ చెప్పడానికి రాలేదు పెద్దమ్మా,” అంది గువ్వ. “అక్కని చూడ్డానికి వచ్చాను.”

“చూసి ఏం చేస్తావు? నవ్వుతావా?”

“నవ్వను. కూర్చుంటాను.”

అంత చిన్న పిల్ల అంత నిబ్బరంగా చెప్పేసరికి పెద్దకోడలు గుమ్మానికి అడ్డం పెట్టిన చెయ్యి కాస్త సడలించింది. ఆ సందులోంచే గువ్వ ఆమె చేతి కిందుగా దూరి, మూసిన తలుపు దగ్గరికి వెళ్ళి చతికిలబడింది. అత్తగారు “ఏయ్” అనబోతే చిన్నకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

వీధిలో బండి హారన్ మోగింది.

“వచ్చేశాడు,” అంది పెద్దకోడలు. “అమ్ములూ, గడియ తియ్యమ్మా. వెళ్దాం.”

గడియ కదల్లేదు. గువ్వ తలుపుకి చెంప ఆనించింది.

“అక్కా. నీ జుట్టు బాగోలేదు.”

పెద్దకోడలి కళ్ళు నిప్పులయ్యాయి. “విన్నావా! విన్నావుటే నీ కూతురి మాట! పుండు మీద కారం చల్లుతోంది!”

“అస్సలు బాగోలేదక్కా,” అంది గువ్వ ఇంకా గట్టిగా. “బాగుందని అబద్ధం చెప్పాను. ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా ఉంది. నీకు ఏడుపొస్తోంది కదా? నాకూ వస్తోంది.”

చిన్నకోడలు ఒక అడుగు ముందుకి వేసింది. ఇంతవరకు వచ్చి ఇక్కడ బెడిసికొడుతుందా అనుకుంది.

లోపల టక్కుమని గడియ ఊడింది.

తలుపు తెరుచుకుంది. అమ్ములు తలకి తువ్వాలు లేదు. పక్షి గూడు పీకి పందిరేసినట్టుంది జుట్టు. మొహం ఉబ్బిపోయి ఉంది.

“అవును కదే!” అంది అమ్ములు వెక్కుతూ. “బాగోలేదు కదా! వీళ్ళంతా బాగుంది బాగుంది అంటారేంటే!”

అంటూనే నేల మీద కూలబడి చెల్లెల్ని వాటేసుకుంది. ఇద్దరూ కలిసి ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చారు. ఏడుస్తూ ఏడుస్తూనే గువ్వ తన అరచేత్తో అక్క మెడ వెనక నిమురుతోంది. ఎవరు నేర్పారో ఆ నిమరడం! ఆ షాపులో ఎవరూ నేర్పలేదు. అది దానిదే.

చిన్నకోడలు గోడకి ఆనుకుని నిలబడింది. ఆ క్షణాన ఆమెకి ఎవరైనా రాజ్యం రాసిచ్చినా అక్కర్లేదనేది. తన పిల్ల గెలిచింది. ఒక్క దెబ్బ పడకుండా గెలిచింది. నిన్నటి నుంచి వంచుకున్న తల ఇప్పుడు ఎత్తి అందరి వంకా చూసింది.

అత్తగారు ముక్కు ఎగపీల్చి కళ్ళు ఒత్తుకుంది. “బంగారు తల్లి. నా మనవరాలిని పట్టుకుని రాతి గుండె అన్నవాళ్ళ నోళ్ళు పడిపోను.”

“మీరే అన్నారు అత్తయ్యా.”

“నేనా? ఎప్పుడూ?” అంది ఆవిడ, నిజంగానే గుర్తు లేనట్టు. “నా నోట్లోంచి అలాంటి మాట వస్తుందా? ఎవరో అనుంటారు.”

చిన్నకోడలు నవ్వేసింది. పెద్దకోడలు నవ్వలేదు. చేతిలో దారపుండ అలాగే ఉంది. మొహం మాత్రం మెత్తబడింది.

అమ్ములు ఏడుపు ఆపి తల్లి వైపు చూసింది.

“అమ్మా, గువ్వని ఏమీ అనకు. నేనే కత్తిరించమన్నాను.”

“ఏమిటీ?”

“నేనే కత్తెర తీసిచ్చాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను. ఇంత పోతుందనుకోలేదు.”

చిన్నకోడలు గువ్వ వైపు తిరిగింది. రెండు చేతులతో నోరు మూసుకున్న పిల్ల గుర్తొచ్చింది. నిన్నటి నుంచి ఇన్ని తిట్లు తింది. ఎవరెన్నిసార్లు అడిగినా అక్క పేరు చెప్పలేదు.

“ఎందుకే? ఎందుకు కత్తిరించమన్నావు?” అంది పెద్దకోడలు. “నీకు జడంటే ప్రాణం కదే!”

అమ్ములు మెడ వెనక తడుముకుంది. గువ్వ అక్క వేలు పట్టుకుంది.

“పొద్దున్న జడ వేసేటప్పుడు నువ్వు ఏడుస్తావు కదమ్మా. వెనకాల నిలబడి. నాకు తెలియదనుకుంటావు. నా మెడ మీద నీళ్ళు పడతాయి, రోజూ. జడ లేకపోతే ఏడవవనుకున్నాను.”

వీధిలో హారన్ మళ్ళీ మోగింది. అత్తగారు ఇద్దరు కోడళ్ళనీ మార్చి మార్చి చూసింది. పెద్ద కొడుకు పొరుగూరి ఉద్యోగం నుంచి ఈమధ్య వారం వారం రావడం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. పని ఎక్కువుందటలే అని అందరూ అనుకున్నారు. పెద్దకోడలు ఎప్పుడూ పెదవి విప్పలేదు. ఈ ఇంట్లో ఆమె కంట తడి చూసినవాళ్ళు లేరు, ఒక్క ఎనిమిదేళ్ళ పిల్ల మెడ తప్ప.

పెద్దకోడలు పెట్టె మీద కూర్చుండిపోయింది. రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి.

గువ్వ లేచింది. పిల్ల నడిచి వెళ్ళి, పెట్టె మీద పెద్దమ్మ పక్కన మిగిలిన కాస్త జాగాలో ఎక్కి కూర్చుంది. కిందికి వంగి, ఆమె చేతుల సందులోంచి మొహంలోకి చూసింది.

“ఎందుకేడుస్తున్నావు పెద్దమ్మా?”

ఎవరూ అడగని మాట. పెద్దకోడలు ఆ చిన్నదాన్ని ఒక్క గుంజున ఒళ్ళోకి లాక్కుంది. నిన్నటి నుంచి కళ్ళెదుట పడనివ్వని పిల్లని గుండెకేసి అదుముకుని ఏడ్చింది, అడ్డూ ఆపూ లేకుండా, అందరి ముందూ.

కాసేపటికి తలెత్తకుండానే అంది. “ఆ బండిని వెళ్ళిపొమ్మను.”

చిన్నకోడలు వరండాలోకి పరుగెత్తింది. వీధి వీధంతా వినపడేట్టు అరిచింది.

“వెళ్ళిపోవయ్యా బాబూ! ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు!”

ఎదురింటి వాళ్ళు కిటికీలు తెరిచారు. తెరవనీ. బండివాడు ఏదో గొణిగి ఇంజను స్టార్ట్ చేశాడు. అది మలుపు తిరిగేదాకా చూసి, ఆనందంతో కాళ్ళు నేల మీద నిలవక, ఆమె గబగబా లోపలికి వచ్చింది.

అత్తగారు పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని కిందికి దించుతోంది. హాల్లో పెద్దకోడలు ఒక్కతే మిగిలింది. కళ్ళు తుడుచుకుని, మెట్ల మీద అత్తగారి అడుగుల చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆగింది.

“తలుపు వేసి ఇలా రా,” అంది.

చిన్నకోడలు తలుపు వేసి దగ్గరికి వచ్చింది.

“గువ్వని అనవసరంగా ఆడిపోసుకున్నాను. నన్ను క్షమించు,” అంది పెద్దకోడలు. “వెళ్ళబోయిన ఆ ఇల్లు నేను నిన్న మాట్లాడలేదే. జడ తెగక ముందే మాట్లాడి పెట్టుకున్నాను, నా ఏడుపు మీ ఎవరి కంటా పడకూడదని.”